సన్నని పైపు, సందు చివరి నల్లా

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ లక్డీకాపూల్ చౌరస్తాలో రోడ్డు ఎక్కడ ఇరుకైతే అక్కడ బండ్లు నత్తనడక పడతాయి. రోజూ కళ్ళబడే ఈ దృశ్యం వల్లనేమో, ఇరుకంటే ఆగిపోవడమేనని మన మనసులో పాతుకుపోయింది. అదే రోడ్డు కింద పూడ్చిన పైపులో జరిగేది దీనికి తలకిందులు. పైపు సన్నబడిన చోట నీరు పరుగెత్తుతుంది, వెడల్పైన చోట నింపాదిగా పోతుంది. బండ్లు ఒకదాని వెనక ఒకటి జరిగి కుక్కుకోగలవు, నీటిని అలా కుక్కలేం. నిండుగా పారే పైపులో ఈ చివర సెకనుకు ఒక లీటరు దూరితే ఆ చివర సెకనుకు ఒక లీటరు బయటపడి తీరాలి. మధ్యలో పోగుపడే వీల్లేదు. దారి ఇరుకైనప్పుడు అంతే నీరు అంతే సేపట్లో దాటాలంటే వడి పెరగాలి, వేరే ఉపాయం లేదు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా తర్వాతి ప్రశ్న దగ్గరే. అలా పరుగెత్తే చోట ఒత్తిడి పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుందని పుస్తకం చెబుతుంది. పెరుగుతుందని ప్లంబర్ చెబుతాడు. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి మొక్కలకు నీళ్ళు పట్టిన ప్రతివాళ్ళూ ప్లంబర్ పక్షమే. నగరంలో నల్లా నీటి గురించి సాగే సగం వాదాలకు మూలం ఈ చిక్కుముడే కాబట్టి, దీన్ని మొదటి నుంచి విప్పి చూడటం దండగ పని కాదు.

ముందు మాటల సంగతి చూద్దాం. హైదరాబాద్ ఇళ్ళల్లో 'ప్రెషర్ లేదు', 'ఫోర్సుగా వస్తలేవు', 'ధార సన్నగుంది' అనే మూడు మాటలూ ఒకే అర్థంలో వాడతారు. నిజానికి అవి మూడు వేర్వేరు కొలతలు. నీరు పైపు గోడను ఎంత బలంగా నెడుతోందన్నది ఒత్తిడి. ఎంత జోరుగా పరుగెడుతోందన్నది వడి. నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయన్నది ప్రవాహం. బొటనవేలు పెట్టగానే దూరంగా ఎగజిమ్మే ధారను చూసి 'ప్రెషర్ పెరిగింది' అంటాం. మన కంటికి కనిపించింది వడి మాత్రమే. ఇక బిందె ఎంతసేపట్లో నిండిందో చెప్పేది ప్రవాహం. కంటికి కనబడని ఒత్తిడి పేరును కనబడే వడికి తగిలించడం దగ్గరే తికమక మొదలవుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో ఈ పాఠం చదివి, బెర్నౌలీ సూత్రం మీద ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా ఇంటికొచ్చి నల్లా తిప్పేసరికి పాత నమ్మకానికే మళ్ళుతారు. పుస్తకంలోని పైపు ఎలాంటిదో, ఇంట్లోని పైపు ఎలాంటిదో పాఠం ఎక్కడా పోల్చి చెప్పకపోవడమే దీనికి కారణం.

వడి పెరుగుదల లెక్కను 1628లో ఇటలీలో, గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి నదుల ప్రవాహం మీద రాస్తూ తేల్చాడు. దారి వైశాల్యం సగమైతే వడి రెట్టింపు. ఒత్తిడి లెక్కకు మరో 110 ఏళ్ళు పట్టింది. 1738లో 'హైడ్రోడైనమికా' ప్రచురించిన డేనియల్ బెర్నౌలీ వైద్యం చదివినవాడు, రక్తం నాళాల గోడలను ఎంతగా నెడుతుందన్నది కూడా ఆయన ఆలోచనల్లో ఉన్నదే. నీరు పారే గొట్టం గోడకు చిన్న రంధ్రం చేసి, అందులో సన్నని గాజు గొట్టం నిలబెట్టి, నీరు ఎంత ఎత్తుకు ఎక్కిందో చూడటం ఆయన పద్ధతి. లియొనార్డ్ ఆయిలర్ ఆ భావాన్ని ఇవాళ మనం చదివే సమీకరణాల రూపంలోకి తెచ్చాడు. సారాంశం ఇంటి లెక్కలా చెప్పుకోవచ్చు. నీటి దగ్గరున్న శక్తి ఒకటే డబ్బు, దాన్ని పెట్టుకునే జేబులు మూడు: ఎత్తు, ఒత్తిడి, వడి. పైపు బల్లపరుపుగా ఉంటే ఎత్తు జేబు జోలికి పోనక్కర్లేదు. వడి జేబు బరువెక్కాలంటే ఒత్తిడి జేబులోంచి తీయక తప్పదు. ఇరుకులోకి దూరే నీటిబొట్టు ఒక్కసారిగా వేగం పుంజుకుంటుందంటే దాన్ని వెనక నుంచి నెట్టే ఒత్తిడి ముందు నుంచి అడ్డుకునే ఒత్తిడి కన్నా ఎక్కువ ఉండాలి కదా. అంటే వెడల్పు చోట ఎక్కువ, ఇరుకులో తక్కువ. ఈ తర్కంలో వంక పెట్టడానికేమీ లేదు.

అయితే ఆ తగ్గుదల ఎంత? ఇక్కడే పాఠం చెప్పకుండా వదిలేసే అంకె ఒకటుంది. నాలుగంగుళాల పైపులో సెకనుకు ఒక మీటరు వడితో పోయే నీరు రెండంగుళాల పైపులోకి దూరిందనుకుందాం. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు, కాబట్టి వడి నాలుగు రెట్లు, సెకనుకు నాలుగు మీటర్లు. దాని కోసం ఒత్తిడి జేబులోంచి పోయేది సుమారు 75 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. ఒక అంతస్తు మూడు మీటర్లనుకుంటే, పావు అంతస్తు. సెకనుకు నాలుగు మీటర్ల వడి ఇంటి పైపుల్లో సాధారణంగా ఉండదు. ఒకటి, ఒకటిన్నర మీటర్లంటేనే జోరుగా ఉన్నట్టు. ఆ వడి కోసం ఖర్చయ్యే ఒత్తిడి జానెడు ఎత్తు కూడా ఉండదు. పైపు సన్నబడితే ఒత్తిడి తగ్గడమన్నది నిజమే కానీ, మూడో అంతస్తుకు నీళ్ళెక్కకపోవడానికి కారణం అదేనని చెప్పబోతే అంకెలు ఒప్పుకోవు. కారణం వేరే ఉంది.

దాని దగ్గరికి వెళ్ళే ముందు బొటనవేలి సంగతి తేల్చాలి, ఎందుకంటే బెర్నౌలీ మీద వచ్చే ఆక్షేపణలన్నిటిలోకీ బలమైనది అదే. మేడ మీది ట్యాంకులో నీటి మట్టం తోట పైపు మూతికన్నా పది మీటర్ల ఎత్తున ఉంది, అరంగుళం పైపు పొడవు ఇరవై మీటర్లు. మూతి పూర్తిగా తెరిచి ఉంచితే నీరు సెకనుకు రెండు మీటర్లకు కాస్త తక్కువ వడితో పడుతుంది, నిమిషానికి ఇరవై లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్ ముప్పావు నిమిషంలో నిండుతుంది. ఇప్పుడు మూతిని ఎనిమిదో వంతు మాత్రమే మిగిలేలా వేలితో మూయండి. ధార సెకనుకు పది మీటర్ల వడితో ఎగజిమ్ముతుంది, అంటే ఐదు రెట్లకు మించి. బకెట్ మాత్రం ఇప్పుడు నిమిషం దాటి మరో ఆరేడు సెకన్లు తీసుకుంటుంది. నీరు జోరుగా వస్తోంది, తక్కువగా వస్తోంది. పుస్తకంలోని పైపుకు ప్రవాహం మారదు, ఎంత ఇరుకైనా అంతే నీరు దూరాలన్నది అక్కడి షరతు. ఇంటి పైపుకు ఆ షరతు లేదు. అక్కడ మారనిది ట్యాంకు ఎత్తు ఒక్కటే, ప్రవాహం మన వేలి కింద ఉంది. మూతి తెరిచి ఉన్నప్పుడు ఆ పది మీటర్లలో దాదాపు అంతా ఇరవై మీటర్ల పైపు గోడల రాపిడికే పోతుంది, మూతి దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి జేబు ఖాళీ. వేలు పెట్టగానే ప్రవాహం తగ్గింది, దానితో రాపిడి ఖర్చు సగానికి పడింది, మిగిలిన ఐదు మీటర్ల పైచిలుకు ఒత్తిడి వేలి వెనక పోగైంది. వేలికి తగిలే ఆ నెట్టుడు అదే. అక్కడి నుంచి వేలి సందులోకి దూరేటప్పుడు నీరు ఆ ఒత్తిడి మొత్తాన్ని వడిగా మార్చుకుంటుంది, అచ్చం బెర్నౌలీ చెప్పినట్టే. వేలి వెనక ఒత్తిడి పెరిగిందన్న ప్లంబర్ మాటా నిజమే, వేలి సందులో తగ్గిందన్న పుస్తకం మాటా నిజమే. రెంటికీ మధ్య అంగుళం దూరం.

పై లెక్కలో అసలు పాత్రధారి రాపిడి. ఒత్తిడి జేబులోంచి వడి జేబులోకి పోయిన డబ్బు మళ్ళీ వెనక్కి రావచ్చు. పైపును గరాటులా నిదానంగా వెడల్పు చేస్తే వడి తగ్గి ఒత్తిడి చాలావరకు తిరిగొస్తుంది. రాపిడికి పోయింది మాత్రం వేడిగా మారి శాశ్వతంగా పోతుంది. దీన్ని శ్రద్ధగా కొలిచినవాడు ఫ్రాన్సులో దిజోన్ నగరానికి మంచినీటి సరఫరా కట్టిన ఇంజనీరు హెన్రీ డార్సీ. పైపుల మీద ఆయన ప్రయోగాలు 1857లో అచ్చయ్యాయి. అంతకు ముందే, 1845లో, జర్మనీలో జూలియస్ వైస్‌బాక్ రాసిన సూత్రం డార్సీ కొలతలతో కలిసి ఇవాళ ఇద్దరి పేరుతోనూ చెలామణి అవుతోంది. ఆ సూత్రం ప్రకారం రాపిడి ఖర్చు పైపు పొడవుతో పాటు పెరుగుతుంది, ప్రవాహం రెట్టింపైతే నాలుగింతలవుతుంది, అంతే నీటికి పైపు వ్యాసం సగమైతే ముప్ఫై రెండింతలవుతుంది. ఆఖరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నిమిషానికి పదిహేను లీటర్లు ఇరవై మీటర్ల దూరం అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపులో పోతే ఐదు మీటర్లకు పైగా ఒత్తిడి రాపిడికి పోతుంది, అదే పైపు ముప్పావు అంగుళమైతే మీటరుకు కాస్త ఎక్కువ. వడి కోసం పోయేది అరంగుళంలో కూడా పది సెంటీమీటర్లే. పదేళ్ళ పాత జీఐ పైపు లోపల తుప్పు, సున్నపు పెచ్చు కట్టి అరంగుళం కాస్తా పావు అంగుళానికి దిగితే ఏమవుతుందో చదివేవాళ్ళే లెక్కగట్టుకోవచ్చు.

అలాగని బెర్నౌలీని పరీక్షల పుస్తకానికే పరిమితం చేయడం అన్యాయం. ఇరుకు పొట్టిగా ఉన్న చోట ఆయనదే రాజ్యం. గోడల రాపిడి పనిచేయడానికి పొడవు కావాలి. పొడవు లేని ఇరుకులో రాపిడికి వ్యవధి దొరకదు, జేబు మార్పిడే మిగులుతుంది. ఇందుకు సాక్ష్యం గుండె. లక్డీకాపూల్ నుంచి పంజాగుట్ట దాకా ఉన్న ఆసుపత్రుల్లో రోజూ తీసే ఎకో పరీక్షల్లో, గుండె కవాటం ఎంత ఇరుకైందో తెలుసుకోవడానికి డాక్టర్లు డాప్లర్‌తో అక్కడి రక్తం వడి కొలుస్తారు. ఆ వడిని వర్గం చేసి నాలుగుతో హెచ్చవేస్తే కవాటానికి అటూ ఇటూ ఒత్తిడి తేడా పాదరసం మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది. సెకనుకు నాలుగు మీటర్లుంటే 64. బృహద్ధమని కవాటం తీవ్రంగా ఇరుకైందనడానికి ఆ నాలుగు మీటర్లే గుర్తు. గుండెలోకి గొట్టం పంపకుండా ఛాతీ మీద ప్రోబ్ ఆనించి చెప్పే ఈ అంకె వెనక ఉన్నది 1738 నాటి బెర్నౌలీ సూత్రమే. రెండో సాక్ష్యం పొలంలో ఉంది. డ్రిప్ వేసిన రైతులకు వెంచురీ అంటే ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నడుము దగ్గర సన్నబడిన ఆ ప్లాస్టిక్ ముక్కలో నీరు పరుగెత్తి ఒత్తిడి బయటి గాలికన్నా కిందికి పడిపోతుంది, పక్కనున్న బకెట్‌లోని ఎరువు ద్రావణం దానంతటదే పైకి ఎక్కుతుంది. అయితే అది ఊరికే పీల్చదు. మెయిన్ వాల్వును కాస్త బిగించి వెంచురీకి అటూ ఇటూ ఒత్తిడి తేడా సృష్టించాలి, అంటే లైనులో కొంత ఒత్తిడిని బలివ్వాలి. 1797లో జొవాన్నీ బత్తిస్తా వెంచురీ రాసిన పరిశీలనలను పట్టుకుని, 1880లలో అమెరికాలో క్లెమెన్స్ హెర్షెల్ పెద్ద పైపుల్లో ప్రవాహం కొలిచే మీటరు చేశాడు, దానికి వెంచురీ పేరే పెట్టాడు. ఇరుకు పొట్టిదా, పొడుగుదా? ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగితే సగం వాదాలు పుట్టవు.

ఇప్పుడు నగరం లెక్కకు వద్దాం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో కట్టిన గండిపేట జలాశయం 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, అంటే సుమారు 545 మీటర్లు. లక్డీకాపూల్ పక్కనే ఉన్న హుస్సేన్‌సాగర్ నిండు మట్టం 513 మీటర్ల చిల్లర. ముప్ఫై మీటర్ల ఆ వాలు మీదనే, పంపు అన్నది లేకుండా, గండిపేట నీరు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా కాలువ కట్టడంలో నడిచి వచ్చేది. ఎత్తు జేబులోని డబ్బుతోనే సరఫరా జరిగిపోయిన రోజులవి. ఆ తర్వాత 1965 నుంచి మంజీరా నీరు, 2004, 2008, 2015లలో మూడు దశలుగా కృష్ణా నీరు, 2015లోనే గోదావరి నీరు వచ్చాయి. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు కూడా నిండుగా లేదు. అంత కిందున్న నీటిని ఐదు వందల మీటర్ల పైనున్న నగరానికి వంద కిలోమీటర్లకు పైగా తోలుకురావాలి. ఎత్తు కోసం పెట్టే కరెంటు ఎలాగూ తప్పదు. తప్పించగలిగింది రాపిడి ఒక్కటే. కృష్ణా ఒక దశ నీరు 90 ఎంజీడీ (రోజుకు తొమ్మిది కోట్ల గ్యాలన్లు), అంటే సెకనుకు 4.7 ఘనపు మీటర్లు. రెండు మీటర్ల వ్యాసమున్న పైపులో అది సెకనుకు ఒకటిన్నర మీటర్ల వడితో పోతుంది, వంద కిలోమీటర్లకు రాపిడి ఖర్చు సుమారు 80 మీటర్ల ఎత్తు. పైపుల ఖర్చు మిగులుతుందని ఒక మీటరు పైపు వేస్తే వడి ఆరు మీటర్లు, రాపిడి ఖర్చు రెండున్నర కిలోమీటర్ల ఎత్తు. అంత ఒత్తిడికి ఆగే పైపూ లేదు, ఆ కరెంటు బిల్లు కట్టే నగరమూ లేదు. మనిషి నిటారుగా నడిచిపోగలిగినంత లావు పైపులు ఊరి బయట ఎందుకు వేస్తారన్న దానికి జవాబు ఇదే. వడి పెరిగితే ఒత్తిడి తగ్గుతుందన్న బెర్నౌలీ లెక్క అక్కడ చెప్పుకోదగ్గ అంకే కాదు.

అంత లావు పైపులో వచ్చిన నీరు సందు చివరి ఇంటికి చేరేసరికి ఎందుకు నీరసిస్తుంది? సందు మొదట్లో ఇనుప మూత కింద ఒక గుంత, గుంతలో గేట్ వాల్వు. లైన్‌మన్ నిలువెత్తు టీ తాళం చెవి దింపి చుట్లు తిప్పుతాడు. ముందు బుస్సుమని గాలి, ఆ గాలికే ఇళ్ళ ముందు మీటర్ల ముల్లు గిర్రున తిరగడం, తర్వాత ఎర్రటి నీళ్ళు, ఆ తర్వాత తేటవి. 'నల్లా వచ్చింది' అన్న కేకతో పాటు సందులోని సంపుల మూతలన్నీ ఒకేసారి లేస్తాయి. నగరంలో చాలాచోట్ల నల్లా రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో. రెండు రోజులకు సరిపడా నీరు రెండు గంటల్లో దూరాలి. 48 గంటల నీరు 2 గంటల్లోనంటే ప్రవాహం ఇరవై నాలుగింతలు. రాపిడి ప్రవాహం వర్గంతో పెరుగుతుందని డార్సీ చెప్పాడు కాబట్టి, అదే నీరు రోజంతా సమంగా పారితే అయ్యే రాపిడి ఖర్చుకు ఇది 576 రెట్లు. రోజంతా నీరున్నా జనం సమంగా వాడరు, పొద్దున పూట సగటుకు రెండున్నర, మూడింతలు వాడతారు కదా అనవచ్చు. న్యాయమైన మాటే. మూడింతలే అనుకుందాం. అప్పుడైనా ప్రవాహం తేడా ఎనిమిది రెట్లు, రాపిడి తేడా అరవై నాలుగు రెట్లు. సందులో పూడ్చిన నాలుగంగుళాల పైపు మీద నాలుగంగుళాలని రాసి ఉండవచ్చు గాక, రెండు గంటల నల్లా దాన్ని రెండంగుళాల పైపు చేసి పారేస్తోంది. పైపు వెడల్పును అంగుళాల్లో కొలవడం మనకు అలవాటు. గంటల్లో కూడా కొలవాలన్నది ఈ వ్యాసం వాదన. నగరం నల్లాల విషయంలో వెడల్పు, వడి, ఒత్తిడి గురించిన ప్రశ్న చివరికి వచ్చి ఆగేది ఇక్కడే.

దీనికి జనం కనిపెట్టిన విరుగుడు మోటారు. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగడం తప్పని అందరికీ తెలుసు, 'మా వాటాయే కదా లాక్కునేది' అన్న సమర్థనా అందరి దగ్గరా ఉంది. 2025 ఏప్రిల్‌లో నగర నీటి సరఫరా సంస్థ జలమండలి ప్రత్యేక తనిఖీలు పెట్టి మోటార్లు స్వాధీనం చేసుకుని ఐదేసి వేల జరిమానా వేసినప్పుడు కూడా వినిపించింది ఈ మాటే. లెక్క మాత్రం దీన్ని సమర్థించదు. మోటారు నీటిని పుట్టించదు. తన దగ్గర ఒత్తిడిని గాలి ఒత్తిడికన్నా కిందికి దింపి, సందు మొదటి నుంచి తన దాకా ఉన్న తేడాను పెంచుకుంటుంది. ఆ తేడాతో ప్రవాహం పెరుగుతుంది, దాని వర్గంతో పాటు మధ్య పైపులో రాపిడి పెరుగుతుంది, దారిలో ఉన్న ప్రతి నల్లా దగ్గరా ఒత్తిడి అంతమేరకు పడిపోతుంది. మోటారు లేనివాళ్ళ వాటా తగ్గకుండా ఒకరి వాటా పెరిగే దారి ఆ పైపులో లేదు. వాళ్ళూ ఒక్కొక్కరే మోటార్లు కొంటారు, ఆరు నెలల తర్వాత అందరికీ మోటార్లుంటాయి, నీరు అంతకు ముందున్నంతే ఉంటుంది, కరెంటు బిల్లు ఒక్కటే కొత్తది. అమీర్‌పేట హాస్టళ్ళలాంటి చోట ఈ పోటీ మరీ ఘాటు. నాలుగైదంతస్తుల భవనం, గదికి నలుగురు, కనెక్షన్ ఒకప్పటి ఒక కుటుంబం నాటి అరంగుళమో ముప్పావో. లోటు పూడ్చేది ట్యాంకరే. 2021 జనవరి నుంచి నెలకు ఇరవై వేల లీటర్ల దాకా ఉచితమన్న పథకం కూడా పైపులో అన్ని లీటర్లు దిగితేనే అక్కరకొస్తుంది.

మోటారు మీద జరిమానా వేయడానికి పొరుగువాళ్ళ వాటా కన్నా పెద్ద కారణం ఒకటుంది. పైపులో ఒత్తిడి బయటి మట్టిలోని నీటి ఒత్తిడికన్నా ఎక్కువగా ఉన్నంతసేపు పగుళ్ళలోంచి నీరు బయటికే పోతుంది, అది నష్టమే కానీ విషం కాదు. ఒత్తిడి తలకిందులైతే పగులు నోరు లోపలికి తెరుచుకుంటుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీరు తాగి పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఇలాంటి సందర్భాల్లో చదువుకున్నవాళ్ళే ఒక వివరణ ఇస్తుంటారు: పైపు సన్నబడిన చోట నీరు పరుగెత్తి, బెర్నౌలీ సూత్రం ప్రకారం ఒత్తిడి పడిపోయి, పగులులోంచి మురుగును పీల్చుకుంటుందని. వినడానికి పొందికగా ఉంది, వెంచురీ పోలికా కుదిరినట్టే ఉంది. ముందు చూసిన అంకె గుర్తు చేసుకుంటే నిలవదు. నాలుగంగుళాలు రెండంగుళాలైనా తగ్గేది ముప్పావు మీటరే, లైనులో నాలుగైదు మీటర్ల ఒత్తిడి ఉన్నా ఆ పని జరగదు. పీల్చుడు జరగాలంటే లైను అప్పటికే దాదాపు ఖాళీ అయి ఉండాలి. వాల్వు కట్టేశాక పల్లం ఇళ్ళ వైపు నీరు జారిపోతూ మెరక పైపును ఖాళీ చేసేటప్పుడూ, మిగిలిన నీటి కోసం మోటార్లు లాగేటప్పుడూ సరిగ్గా అదే స్థితి. తప్పును పైపు వెడల్పు మీదికి నెట్టి, ఖాళీ అయ్యే గంటలను మరిచిపోవడం ఈ వివరణలో ఉన్న దోషం. హుబ్బళ్ళి-ధార్వాడలో 2008 ప్రాంతంలో కొన్ని వార్డులకు ఇరవై నాలుగు గంటల నీరు ఇచ్చారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ వార్డులనూ, విడతలవారీ సరఫరా ఉన్న వార్డులనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. విడతలవారీ నల్లాల్లో మలసంబంధ బ్యాక్టీరియా ఎక్కువసార్లు కనిపించింది, అందులోనూ నల్లా వచ్చిన మొదటి నిమిషాల్లోనూ, ఒత్తిడి బాగా తక్కువున్న వేళల్లోనూ.

ప్లంబర్ల వాడుక ఒకటి మిగిలి ఉంది. ట్యాంకు నుంచి రెండంగుళాల పైపు దింపి, అంతస్తంతస్తుకు ఒకటిన్నర, ఒకటి, ముప్పావు చేసుకుంటూ నల్లా దగ్గర అరంగుళానికి తెస్తారు. 'రెడ్యూసర్ పెడితే ప్రెషర్ బిల్డవుతుంది సార్' అన్నది ఎక్కడైనా వినిపించే వివరణ. పద్ధతి మంచిదే, వివరణే తప్పు. నల్లాలన్నీ కట్టేసి ఉన్నప్పుడు ఒత్తిడి నిర్ణయించేది ట్యాంకు ఎత్తు ఒక్కటే. అరంగుళమైనా ఆరంగుళాలైనా గేజు ఒకే అంకె చూపిస్తుంది. పారేటప్పుడు పై పైపు నాలుగంతస్తుల నీరు మోయాలి కాబట్టి లావు, కింది పైపు ఒక స్నానాల గది నీరు మోస్తే చాలు కాబట్టి సన్నం. ప్రవాహం తగ్గిన కొద్దీ పైపు తగ్గించడం పొదుపు. మొదటి నుంచి చివరి దాకా రెండంగుళాలే వేసినా నీరు ఒక చుక్క తక్కువ పడదు, కొంచెం ఎక్కువే పడుతుంది, డబ్బు మాత్రం దండగ. డబ్బు మిగలాలని మొదటి నుంచే ముప్పావు వేసే బిల్డర్ల ఇళ్ళల్లో పై అంతస్తువాళ్ళు షవర్ తిప్పగానే పక్క గదిలో నల్లా ఆగిపోవడం చూస్తాం.

గంటల వాదనకు ఎదురయ్యే ఆక్షేపణల్లో గట్టిది లీకేజీ. రోజుకు సగటున గంట నీరుంటే పగుళ్ళు గంటే కారతాయి, ఇరవై నాలుగు గంటలూ ఉంటే ఇరవై నాలుగు గంటలూ కారతాయి. పాత పైపుల నగరంలో ఒక్కసారిగా అన్ని వాల్వులూ తెరిస్తే వచ్చే నీరంతా మట్టిలోకే పోవచ్చు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. విడతలవారీ సరఫరా ఎవరి మూర్ఖత్వం వల్లనో పుట్టింది కాదు, కారే పైపుతో కాపురం చేయడం నేర్చుకున్న తీరు అది. ఒక వార్డును తీసుకుని, చుట్టూ వాల్వులతో వేరు చేసి, లోపలికి వెళ్ళే నీటిని కొలిచి, పగుళ్ళు పూడ్చి, తర్వాత గంటలు పెంచడం తప్ప దగ్గరి దారి లేదు. ఒడిశాలోని పూరీ 2021లో ఊరంతటికీ రోజంతా నేరుగా తాగదగ్గ నల్లా నీరు ఇవ్వడం మొదలుపెట్టింది. పూరీ అంతా కలిపినా మన నగరంలో ఒక మూలకు రాదన్నది నిజమే. వార్డు లెక్కన చేయడానికి మాత్రం ఆ పోలిక అడ్డం కాదు. అన్ని గంటలూ తెరవడానికి నీరెక్కడిదన్నది రెండో ఆక్షేపణ. ఇచ్చే నీరు పెంచమని ఎవరూ అనడం లేదు. రెండు రోజుల నీటినే పలచగా పరిచి ఇవ్వడం గురించే మాట. సంపు నింపుకోవాలన్న ఆత్రం తగ్గితే పొంగి రోడ్డున పడే నీరైనా మిగులుతుంది.

ఈలోగా సందు చివరి ఇంటివాళ్ళు తమ చిక్కు ఏ రకమో తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. పైపుల దుకాణంలో దొరికే గుండ్రటి ప్రెషర్ గేజును నల్లా మూతి దగ్గర టీ ముక్కతో బిగించాలి. నల్లా వచ్చిన వేళ, సందులో ఎవరూ పట్టకముందే, తమ నల్లా కట్టి ఒకసారి చూడాలి. అందరూ పట్టుకునే వేళకు మళ్ళీ చూడాలి. గేజు మీద ఒక కేజీ అంటే పది మీటర్ల నీటి ఎత్తు, మూడంతస్తులు. మొదటి అంకే తక్కువుంటే లోటు సందు బయట, రిజర్వాయర్ ఎత్తులోనో పెద్ద లైనులోనో ఉన్నట్టు. మొదటిది బాగుండి రెండోది పడిపోతే, ఆ తేడా సందు పైపు తినేసింది. రెండూ బాగుండి, తమ నల్లా ఒక్కటి తిప్పగానే ముల్లు సున్నాకు పడితే తవ్వాల్సింది రోడ్డు కాదు, మీటరు నుంచి ఇంట్లోకి వచ్చే ఆ తుప్పు పట్టిన పది అడుగుల అరంగుళం పైపు.